ఇష్టమైతే జరిమానా ఎందుకు? ఒక సాంఘిక బహిష్కరణ కేసు

ఉత్తర తెలంగాణలో ఒక ఊరు. జిల్లా, మండలం, సంవత్సరం రాయడం లేదు. ఇళ్ళ సంఖ్య, కొన్ని వరుసలు, కొన్ని వృత్తులు మార్చాను. 2024 జూలైలో కొత్త నేర చట్టాలు రాకముందు నడిచిన కేసు కాబట్టి పాత సెక్షన్ నంబర్లే వాడుతున్నాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితుల తరఫున నిలబడే జూనియర్ వకీళ్ళకీ, ఊళ్ళలో తిరిగే కార్యకర్తలకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఈ కేసులో మొదటి రెండు నెలలు నేను తప్పు దారిలో నడిచాను. ఆ రెండు నెలలూ సుమారు నలభై ఇళ్ళ వాళ్ళు పని లేకుండా, పాలు అమ్ముకునే దారి లేకుండా గడిపారు. అందుకే తప్పుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

నేపథ్యం

మా వైపు ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలు ఉంటాయి. అందరూ వీడీసీ అంటారు. పంచాయతీరాజ్ చట్టానికి తెలిసింది సర్పంచి, వార్డు సభ్యులు, గ్రామసభ. వీడీసీకి ఆ చట్టంలో చోటు లేదు. కానీ గుడి కట్టాలన్నా, బెల్టుషాపు వేలం వేయాలన్నా, చికెన్ కిలో ఎంతకు అమ్మాలో చెప్పాలన్నా దాని మాటే నడుస్తుంది. కులానికి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటారు. ఎస్సీ వాడ నుంచి పేరుకి ఒకరుంటారు. వేలం డబ్బు, జరిమానాల డబ్బు కలిపి ఖాతాలో వేస్తారు. ఆ డబ్బుతో బడికి గదులు కట్టించిన కమిటీలు కూడా నాకు తెలుసు. అందుకే ఊళ్ళో మామూలు మనిషికి వీడీసీ అంటే భయమూ ఉంటుంది, గౌరవమూ ఉంటుంది.

గొడవ డప్పు దగ్గర మొదలైంది. చావుకీ పండక్కీ మాదిగ వాడ వాళ్ళు డప్పు కొట్టాలి, ఇచ్చింది తీసుకోవాలి. గల్ఫ్ వెళ్ళొచ్చిన ఇద్దరు, డిగ్రీ చదివిన ఒక కుర్రాడు కలిసి, మనిషికి ఒక రోజు కూలి లెక్కన ఇస్తేనే కొడతామన్నారు. ఒక చావుకి కొట్టలేదు కూడా. ఆ ఆదివారం వీడీసీ కూర్చుంది. ఇంతకుముందు ఊళ్ళో ఏ కబురైనా డప్పు చాటింపుతోనే తెలిసేది. ఈసారి ఆ డప్పుల వాళ్ళ మీదే కాబట్టి గుడి మైకులో చెప్పారు: "వాళ్లతోని ఎవ్వలు మాట్లాడద్దు. కైకిలికి పిలువద్దు. సామాను ఇయ్యద్దు. ఇచ్చినోళ్లకు అయిదువేలు జరిమానా. చూసి చెప్పినోళ్లకు వెయ్యి రూపాయలు."

యాసంగి నాట్ల కాలం అది. తెల్లారేసరికి కూలికి పిలుపులు ఆగిపోయాయి. కిరాణా కొట్టు, హోటలు, మంగలి, ఆటో, ట్రాక్టరు, అన్నీ బంద్. పాల కేంద్రంలో వాడ వాళ్ళ పాలు పోయించుకోలేదు. వాడలో పది, పన్నెండు గేదెలున్నాయి. మొదటి రెండు రోజులు ఇంట్లో పెరుగు తోడు వేశారు. మూడో రోజు నుంచి పాలు దూడలకి వదిలేశారు.

పదకొండో రోజున ఇద్దరు ఆడవాళ్ళూ ఆ డిగ్రీ కుర్రాడూ కోర్టు ఆవరణలో చెట్టు కింద నన్ను కలిశారు.

మొదటి తప్పు: రాజీ

చట్టం ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు. మన దేశంలో ఇలాంటి బహిష్కరణ నేరమని ఇవాళ కొత్తగా రాసుకోలేదు. 1955 జూన్ 1న అమల్లోకి వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం ఏడో సెక్షన్‌లోనే, అంటరానితనం మానుకున్నవాణ్ణి వెలివేయడం శిక్షార్హమని ఉంది. 1976లో దానికే పౌర హక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మారింది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులో సాంఘిక బహిష్కరణ అంటే ఏమిటో, ఆర్థిక బహిష్కరణ అంటే ఏమిటో విడివిడిగా నిర్వచించి, 3(1)(జెడ్‌సి) కింద నేరంగా చేర్చారు. మామూలుగా మనుషుల మధ్య ఉండే సంబంధాలు తెంచుకోవడం, అందరికీ అమ్మే షరతుల మీద ఒకరికి అమ్మకపోవడం, రెండూ ఆ నిర్వచనాల్లోకి వస్తాయి.

ఇంత తెలిసీ నేను ముందు రాజీకి ఒప్పుకున్నాను. దానికి నాకు కారణం ఉంది. నాట్లు ఇంకో మూడు వారాలే ఉంటాయి. కేసు అంటే ఏళ్ళు. వారంలో రాజీ కుదిరితే ఆ సీజను కూలి అయినా దక్కుతుందనుకున్నాను. స్టేషన్లో ఫిర్యాదుని జనరల్ డైరీలో రాసుకుని వదిలేశారు, ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. శాంతి సమావేశం పెడతామన్నారు. సరే అన్నాను.

సమావేశంలో వీడీసీ పెద్ద ఒకాయన చాలా ప్రశాంతంగా మాట్లాడాడు. "మేం ఎవ్వల్ని కొట్టలే, తిట్టలే. మాట్లాడకపోవుడు మా ఇష్టం. గాంధీ విదేశీ బట్ట బహిష్కరించలేదా? అది తప్పా?" అన్నాడు. గదిలో అందరూ తలలూపారు. జవాబు చెప్పమన్నట్టు సీఐ నా వైపు చూశాడు.

ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌కీ ఇదే ఎదురైంది. 1955 డిసెంబర్ 5న అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో, బస్సుల్లో సీట్ల వేర్పాటుకి నిరసనగా నల్లజాతి వాళ్ళు సిటీ బస్సులెక్కడం మానేశారు. అప్పటికే పక్క రాష్ట్రం మిసిసిపీలో 1954 జూలైలో మొదలైన శ్వేతజాతి సిటిజన్స్ కౌన్సిళ్ళు, ఓటు కోసమో బడి కోసమో నోరు తెరిచిన నల్లవాళ్ళ ఉద్యోగాలు పీకించడం, అప్పులు ఆపించడం చేస్తున్నాయి. మనం చేసేదీ వాళ్ళు చేసేదీ ఒకటేనా అని కింగ్ తనను తాను ప్రశ్నించుకున్నాడు. తాము చేసేది ఎవరి పొట్టా కొట్టడం కాదనీ, అన్యాయమైన పద్ధతికి తమ సహకారం వెనక్కి తీసుకోవడమనీ తేల్చుకున్నాకే ఆయన మనసు కుదుటపడింది. నేను ఈ తేడా చెప్పబోయాను. మాటలు కూడదీసుకునేలోపు వెనక కుర్చీలోంచి ఒక అవ్వ లేచింది.

"ఇష్టమైతే జరిమానా ఎందుకు పెట్టిండ్రు?" అంది.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో నవ్వారు, సమావేశం ఇంకో మాట మీదికి వెళ్ళిపోయింది. కేసంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నాకు అది తట్టడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది.

చివరికి ఒక కాగితం రాశారు. "ఇరువర్గాల మధ్య ఏర్పడిన మనస్పర్థలు పెద్దల సమక్షంలో తొలగిపోయినవి." వాడ తరఫున నలుగురు సంతకం పెట్టారు. పెట్టమని నేనే చెప్పాను. మర్నాడు కిరాణా కొట్టుకి వెళితే సామాను లేదన్నారు. ఆ కాగితం మాత్రం తర్వాత మూడేళ్ళ పాటు ప్రతి వాయిదాకీ ఎదుటి వకీలు ఫైల్లో పైనే ఉండేది. బహిష్కరణ జరగలేదనీ, ఉన్నవి మనస్పర్థలేననీ వాడ వాళ్ళే సంతకం పెట్టి ఒప్పుకున్నారని చూపించడానికి.

నెల చివర్లో ఊళ్ళో సివిల్ రైట్స్ డే జరిపారు, అంటరానితనం వద్దని చెప్పడానికి అధికారులు పెట్టే కార్యక్రమం. అధికారులు వచ్చారు, బడిలో అందరూ కలిసి టీ తాగారు, ఫొటో తీశారు. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

రెండో తప్పు: ఒక్క ఫిర్యాదుదారు

రాజీ విఫలమయ్యాక ఎస్పీకి రాతపూర్వక ఫిర్యాదు పంపాం. స్టేషన్లో కట్టనప్పుడు ఎస్పీకి పోస్టులో పంపవచ్చని అత్యాచారాల చట్టం కింద చేసిన 1995 నిబంధనల్లో ఐదో నిబంధన చెబుతుంది. ఎఫ్‌ఐఆర్ అయింది. నిబంధన ప్రకారం దర్యాప్తు డీఎస్పీకి వెళ్ళింది.

ఫిర్యాదుదారు ఎవరుండాలన్నది నా నిర్ణయం. డిగ్రీ కుర్రాణ్ణి ఎంచుకున్నాను. మాట స్పష్టంగా ఉంటుంది, తేదీలు గుర్తుంటాయి, క్రాస్ ఎగ్జామినేషన్లో తడబడడు. పదిమంది సంతకాలు పెడితే పది రకాల వాంగ్మూలాలు వస్తాయి, వైరుధ్యాలు దొరుకుతాయి. క్రిమినల్ ప్రాక్టీసులో మాకు మొదటి రోజు నుంచీ నేర్పే జాగ్రత్త ఇది. దొమ్మీ కేసులో అది సరైన జాగ్రత్తే. బహిష్కరణ కేసులో ఊరి బరువంతా ఒక్క ఇంటి మీద పెట్టడం అవుతుంది.

మూడు వారాల్లో ఆ ఇంటికి జరిగింది ఇది. వాళ్ళ నాన్న కౌలు చేస్తున్న రెండెకరాలు వెనక్కి తీసుకున్నారు. చిన్నాన్న బాకీ ఒక్కసారిగా కట్టమన్నారు. చెల్లెలికి కుదిరిన సంబంధం వాళ్ళకి ఎవరో ఫోన్ చేశారు. నేరానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్ళే, ఏడేళ్ళు దాటదు కాబట్టి నిందితులకి 41ఎ నోటీసులు, అంటే అరెస్టు చేయకుండా విచారణకి రమ్మనే నోటీసులు, ఇచ్చి పంపేశారు. అరెస్టు లేదు. వాళ్ళు సాయంత్రానికి కమిటీ గద్దె మీద కూర్చుని ఉంటే, ఫిర్యాదు చేసిన కుర్రాడు ఆ దారిన ఇంటికి నడిచి వెళ్ళాలి. ఒకరోజు అతను నోటరీ అఫిడవిట్ ఇచ్చాడు. బహిష్కరణ ఏదీ లేదనీ, వకీలు తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకుందనీ. కేసు అబద్ధమని రెఫర్ చేయడానికి, అంటే మూసేయడానికి, స్టేషన్లో ఫైలు సిద్ధమైంది.

ఆ రాత్రి నేను చాలా బాధపడ్డాను. కుర్రాడి మీద కోపం రాలేదు. అదే పని ఇంతకుముందు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు, తెలిసీ జాగ్రత్తపడలేదన్నదే బాధ. మాంట్‌గొమరీ బస్సుల మీద ఫెడరల్ కోర్టులో కేసు వేసింది ఫ్రెడ్ గ్రే అనే 25 ఏళ్ళ వకీలు, 1956 ఫిబ్రవరి 1న. బస్సులో సీటు వదలనని అరెస్టయి ఆ బహిష్కరణకి కారణమైన రోజా పార్క్స్ పేరు అందులో లేదు. ఆమె మీద ఉన్న క్రిమినల్ కేసు అప్పీలు రాష్ట్ర కోర్టుల్లో నానుతుందని, ఆమెని వదిలి వేరే ఐదుగురు ఆడవాళ్ళని వాదులుగా పెట్టాడు. కొద్ది రోజుల్లోనే వాళ్ళలో ఒకామె, జెనెట్టా రీస్, ఒత్తిడికి తట్టుకోలేక ఆ కేసు నేను వేయమనలేదని వెనక్కి తగ్గింది. ఆమె అనుమతి లేకుండా కేసు వేశాడని గ్రే మీదే నేరారోపణ మోపారు. తర్వాత అది నిలబడలేదు. కేసు మాత్రం ఆగలేదు, ఎందుకంటే ఇంకా నలుగురున్నారు. ఆ నలుగురిలో క్లాడెట్ కోల్విన్ 1955 మార్చిలో, రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, సీటు వదలనని అరెస్టయిన పదిహేనేళ్ళ పిల్ల. ఆ కేసులోనే బస్సుల్లో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 1956 జూన్‌లో తీర్పొచ్చింది, నవంబర్‌లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

గ్రే ఐదుగురిని పెట్టాడు కాబట్టి ఒకరు వెళ్ళినా కేసు మిగిలింది. నేను ఒక్కణ్ణి పెట్టాను.

పాలు ఎక్కడ పోయాలి

అఫిడవిట్ తర్వాత వాడలో రాత్రి మీటింగు పెట్టాం. ఈసారి ఎక్కువమంది సంతకాలు పెట్టాలని చెప్పడానికి వెళ్ళాను. పరిస్థితి ఎంత తీవ్రమో చెప్పాలని చుండూరు గురించి కూడా మాట్లాడాను. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపడానికి ముందు వారాల తరబడి నడిచింది సాంఘిక బహిష్కరణే. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ నుంచి పని బంద్, పని బంద్ నుంచి హత్యాకాండ. బహిష్కరణ మీద అధికారులు మేలుకోవాల్సిన సమయం మొదటి వారమే. అది నిజం. కానీ ఆ రాత్రి ఆ మాట అక్కడ చెప్పి ఉండాల్సింది కాదు. వింటున్న వాళ్ళు భయపడ్డారు, అంతే.

కాసేపటికి ఒకామె అడిగింది. "వకీలమ్మా, కేసు సంగతి సరే. రేపు పొద్దుగాల పాలు ఎక్కడ పొయ్యాలె? బియ్యం, నూనె ఎక్కడికెల్లి తేవాలె?"

నా దగ్గర జవాబు లేదు. అసలు ఆ ప్రశ్న నా పనిలో భాగమని కూడా అప్పటిదాకా అనుకోలేదు.

టెనెసీ రాష్ట్రంలో ఫయెట్ కౌంటీ కథ ఆ రాత్రి గుర్తొచ్చింది. 1959, 60లలో అక్కడ నల్లజాతి పాలేర్లు, కౌలుదార్లు ఓటు నమోదు చేసుకున్నారు. భూస్వాములు వాళ్ళని భూముల మీద నుంచి వెళ్ళగొట్టారు. ఓటరుగా చేరినవాళ్ళ పేర్లతో జాబితా తిరిగింది. ఆ జాబితాలో ఉన్నవాళ్ళకి కొట్లలో సామాను అమ్మలేదు, పెట్రోలు పోయలేదు, బ్యాంకులు అప్పివ్వలేదు. ఇళ్ళు పోయిన కుటుంబాలు 1960 చలికాలంలో షెపర్డ్ టౌల్స్ అనే నల్లజాతి రైతు పొలంలో గుడారాలు వేసుకున్నాయి. జాన్ మెక్‌ఫెరెన్ అనే ఆయన ఒక కిరాణా కొట్టు తెరిచాడు. అక్కడి టోకు వ్యాపారులు సరుకు ఇవ్వకపోతే మెంఫిస్ దాకా వెళ్ళి తెచ్చుకున్నాడు. ఫెడరల్ ప్రభుత్వం 1957 పౌరహక్కుల చట్టం కింద భూస్వాముల మీదా వ్యాపారుల మీదా కేసు వేసింది. 1962లో ఇలాంటి కక్షసాధింపు చేయకూడదన్న ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు వచ్చేదాకా జనం అక్కడే నిలబడి ఉన్నారంటే, ఆ గుడారాలూ ఆ కొట్టూ ఉండబట్టే.

మర్నాటి నుంచి వారం రోజులు నేను కోర్టు కాగితం ముట్టుకోలేదు. పక్క మండలంలో ఎస్సీ కుర్రాడొకడికి ఆటో ఉంది. బుధవారం, ఆదివారం వాడకి వచ్చి మండల కేంద్రం సంతకి తీసుకెళ్ళేలా మాట్లాడాం. పొదుపు సంఘం అక్కలు సంఘం డబ్బుతో బియ్యం, పప్పు, నూనె టోకున తెచ్చి ఒక ఇంటి అరుగు మీద పెట్టి కొన్న ధరకే పంచారు. పాలు డబ్బాల్లో పోసి టీవీఎస్ ఎక్సెల్ మీద ఆరు కిలోమీటర్ల దూరంలో ఇంకో ఊరి కేంద్రానికి పంపారు. నాట్ల కూలి పోయింది, దాన్ని తేలేకపోయాం. ఉపాధి హామీ కింద మాత్రం ఇంటింటి నుంచీ పని కోరుతూ రాతపూర్వక దరఖాస్తులు పెట్టించి, తేదీ వేసిన రసీదు లేకుండా ఎంపీడీవో ఆఫీసు నుంచి కదలొద్దన్నాను. దరఖాస్తు చేసిన పదిహేను రోజుల్లో పని చూపాలి. చూపారు.

అప్పుడు సంతకాలు నేను అడగకుండానే వచ్చాయి. పదకొండు మంది. అందులో ఎనిమిది మంది ఆడవాళ్ళు.

నోటుపుస్తకం

బహిష్కరణ కేసులో సాక్ష్యం చేతికి చిక్కదు. కొట్టిన దెబ్బ కనిపిస్తుంది. అమ్మకపోవడం కనిపించదు. పాలు ఎందుకు పోయించుకోలేదంటే డబ్బాలు నిండాయంటారు. ఆటో ఎందుకు ఎక్కించుకోలేదంటే బాడుగ ఉందంటారు. విడివిడిగా చూస్తే ప్రతి జవాబూ నమ్మేలాగే ఉంటుంది. అన్నిటినీ పక్కపక్కన పెడితేనే అసలు సంగతి బయటపడుతుంది.

అందుకని నలుగురు ఆడవాళ్ళకి వంద పేజీల నోటుపుస్తకాలు ఇచ్చాం. ఏ రోజు, ఎన్నింటికి, ఏ కొట్టు, ఏం అడిగాను, ఎవరున్నారు, ఏమన్నారు. అంతే. మీకు ఏమనిపించిందో రాయొద్దన్నాను. సాక్షి తాను అప్పటికప్పుడు రాసుకున్నది బోనులో చూసుకుని జ్ఞాపకం తెచ్చుకోవచ్చని అప్పటి సాక్ష్య చట్టం 159వ సెక్షన్ చెప్పేది. అదే కారణంగా చదవడం రానివాళ్ళ పేరు మీద పుస్తకం పెట్టలేదు. కూతురు రాసి తల్లి సాక్ష్యం చెబితే, నువ్వు చదవలేని కాగితం నీకేం గుర్తు చేసిందమ్మా అని అడుగుతారు.

ఒకామె కొత్త పుస్తకం వద్దంది. అప్పటికే తన చీటీ లెక్కలు రాసుకునే పుస్తకంలోనే రాస్తానంది. నాకు మొదట నచ్చలేదు, కలగాపులగం అవుతుందనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అదే మేలనిపించింది. ఒక పేజీలో చీటీ పాట, కింద "మధ్యాహ్నం కొట్టుకు పోయిన, చింతపండు అడిగిన, లేదన్నడు, వెనుక బస్తా కనబడ్డది", దాని కింద మళ్ళీ చీటీ కట్టినవాళ్ళ పేర్లు. కేసు కోసం ఒక్క రాత్రిలో కూర్చుని రాశారని ఎదుటి వకీలు అంటాడని తెలుసు. అన్నాడు కూడా. చీటీ కట్టిన నలుగురిని పిలిచి ఆ తేదీల డబ్బు నిజమా అని అడిగితే సరిపోయింది.

ఒక నిర్ణయం దగ్గర చాలా తటపటాయించాను. అమెరికాలో 1968 గృహహక్కుల చట్టం తర్వాత ఇళ్ళ అద్దెల్లో వివక్ష బయటపెట్టడానికి పరీక్షకుల్ని పంపేవారు. ఒకే ఇంటికి ముందు నల్లజాతి మనిషి వెళితే ఖాళీ లేదంటారు, వెంటనే తెల్లజాతి మనిషి వెళితే ఉందంటారు. వర్జీనియాలోని ఒక కేసులో, అలా అబద్ధం చెప్పించుకున్న నల్లజాతి పరీక్షకురాలికి దావా వేసే హక్కుందని 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మేమూ అలా చేయవచ్చు. బయటి ఊరి విద్యార్థుల్ని పంపడానికి ఇద్దరు ముందుకొచ్చారు. వద్దన్నాను. మన కోర్టులో అది వల పన్నినట్టు కనిపించే ప్రమాదం ఉంది, పైగా ఆ పిల్లలు ఊళ్ళో పట్టుబడితే వాళ్ళ రక్షణ నేను చూడలేను. వాడ వాళ్ళు రోజూ కొనే కొట్టుకి, రోజూ కొనే వస్తువుకే, మామూలు వేళకే వెళ్ళాలని మాత్రం చెప్పాను. తాము వెళ్ళిన వెంటనే అదే వస్తువు ఇంకెవరికైనా అమ్మితే చూసి రాయమన్నాను. పద్నాలుగు చోట్ల అలా నమోదైంది.

రసీదు

ఒక సాయంత్రం నా ఆఫీసుకి బీసీ కులానికి చెందిన చిన్న కిరాణా కొట్టు ఆయన వచ్చాడు. తలుపు వేయమన్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితం తీశాడు. వీడీసీ రసీదు. పేరు, తేదీ, "జరిమానా, రూ. 5,000", సంతకం. నోటుపుస్తకాల్లో ఒకదాంట్లో ఆ ముందు రోజు తేదీకి ఉంది: చంటిపిల్ల తల్లి ఒకామె ఆయన కొట్లో బిస్కెట్ ప్యాకెట్, నూనె ప్యాకెట్ అడిగితే ఇచ్చాడు.

"పిల్ల ఏడుస్తుంటె ఎట్ల పొమ్మంట మేడం," అన్నాడు. "నాకు కేసు ఒద్దు. నా అయిదువేలు నాకొస్తే చాలు."

అవ్వ అడిగిన ప్రశ్న అప్పుడు నాకు అర్థమైంది. ఊరంతా ఒక మాట మీద ఉందని ఆరు వారాలుగా అందరూ చెబుతున్నారు, నేనూ నమ్మాను. మాట మీద ఉన్న ఊరికి జరిమానా పుస్తకం అక్కర్లేదు. అమ్మాలనుకునే కొట్టువాడు, కూలికి పిలవాలనుకునే రైతు ఊళ్ళో ఉన్నారు కాబట్టే ఆ పుస్తకం పెట్టారు. వాళ్ళ దగ్గరికి నేను ఒక్కసారీ వెళ్ళలేదు.

ఆయన ఎస్సీ కాదు కాబట్టి అత్యాచారాల చట్టం కింద ఆయన బాధితుడు కాడు. కానీ బెదిరించి డబ్బు వసూలు చేయడం ఐపీసీ 384. ఆ ఫిర్యాదు విడిగా ఇప్పించాం. ఆయన్ని ఒప్పించడానికి నాలుగుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. నేను ఏమీ దాచలేదు. కోర్టుకి ఎన్నిసార్లు రావాలో, ఊళ్ళో ఏం అంటారో, అన్నీ చెప్పాను. కుర్రాడికి అవన్నీ చెప్పకుండానే సంతకం పెట్టించానని అప్పటికి నాకు తెలిసింది. ఈయన ఫిర్యాదుతో డీఎస్పీ వీడీసీ తీర్మానాల పుస్తకం, రసీదు పుస్తకాలు స్వాధీనం చేసుకున్నారు. ఇంకో ఇద్దరి పేర్ల మీద జరిమానా రసీదుల అడుగు చీటీలు దొరికాయి. ఒకటి ఆటోవాలాది, ఒకటి నాట్లకి ఇద్దరు ఆడవాళ్ళని పిలిచిన రైతుది. తీర్మానం పుస్తకంలో మైకులో చెప్పిన మాటలు దాదాపు యథాతథంగా ఉన్నాయి, కింద పన్నెండు సంతకాలు.

పదకొండు మంది ఫిర్యాదుదార్లకీ, కొట్టు ఆయనకీ మెజిస్ట్రేటు ముందు 164 వాంగ్మూలాలు వెంటనే ఇప్పించాం. ఆలస్యమైతే ఏం జరుగుతుందో చూశాం. గ్రామం మీద సామూహిక జరిమానా వేసే అధికారం అత్యాచారాల చట్టం 16వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉందని గుర్తుచేస్తూ కలెక్టరుకి ఒక వినతిపత్రం కూడా పెట్టాం. దాని మీద ఉత్తర్వు రాలేదు. కానీ ఊళ్ళో ఆ మాట పాకింది. పుస్తకాలు స్వాధీనమైన తొమ్మిదో రోజున పాల కేంద్రం వాడ పాలు పోయించుకుంది. మైకులో ఎవరూ ఏమీ చెప్పలేదు.

తర్వాత

విచారణ ప్రత్యేక కోర్టులో దాదాపు మూడేళ్ళు నడిచింది. ఇద్దరు ఫిర్యాదుదార్లు ఎదురు తిరిగారు, తొమ్మిది మంది నిలబడ్డారు. తీర్మానం మీద సంతకం చేసిన వాళ్ళలో ఐదుగురికి శిక్ష పడింది. మిగతావాళ్ళు తమ సంతకం కాదన్నారు, సంశయ లాభం దక్కింది. అప్పీలు హైకోర్టులో ఉంది. డిగ్రీ కుర్రాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. చెల్లెలి పెళ్ళికి నన్ను పిలిచాడు, వెళ్ళాను.

నా పద్ధతిలో కొన్ని మారాయి. బహిష్కరణ కేసు వస్తే ఇప్పుడు మొదటి రోజు అడిగేది సెక్షన్ గురించి కాదు, ఇంట్లో బియ్యం ఎన్ని రోజులకున్నాయి, పశువులున్నాయా, దగ్గర్లో సంత ఎక్కడ అని. "ఇరువర్గాలు" అనే మాట ఉన్న ఏ కాగితం మీదా బాధితుల చేత సంతకం పెట్టించను. ఆ మాటని కొట్టేయమని సీఐలతో గొడవపడ్డాను కూడా. వాడలో మొదటి మీటింగు అయ్యాక రెండోది వాడ బయట, కొట్టువాళ్ళతో, ఆటోవాళ్ళతో, చిన్న రైతులతో పెడతాను. ఎక్కువసార్లు ఎవరూ రారు. ఒకరిద్దరు తర్వాత ఫోన్ చేస్తారు.

కిరాణా కొట్లన్నీ మళ్ళీ తెరుచుకున్నా బుధవారం ఆటో మాత్రం ఆ వాడకి ఇంకా వస్తోంది. సంతలో నూనె అగ్గువ అని చెబుతారు.

చీటీ పుస్తకం ఆమె తీర్పు రోజున అడిగింది, నా పుస్తకం ఇక నాకిస్తరా అని. అది ఎగ్జిబిట్, అప్పీలు తేలేదాకా కోర్టులోనే ఉంటుందని చెప్పాను. చివరి పేజీల్లో చీటీ ఎత్తుకుని డబ్బు కట్టని ఇద్దరి లెక్క ఉందంట. నకలు కోసం దరఖాస్తు వేసి ఆ రెండు పేజీలు తెచ్చి ఆమెకిచ్చాను.